వార్తల్లో పదం: ఓవర్‌పేమెంట్ స్కామ్

వస్తువు ధరకన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది తిరిగి తమకో ఇంకొకరికో పంపమని అడిగే మోసమిది. అమెరికాలో సొంతంగా కారు అమ్ముకునేవారికి దీని బెడద ఉంది.

కొంటానన్న మనిషి వేరే దేశంలో ఉన్నానంటాడు. బండి చూడడు, నడిపించి చూడడు, బేరమూ ఆడడు. ధరకు మించి క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పేరిట ఇచ్చే చెక్కు) పంపి, అదనపు సొమ్మును కారును ఓడకెక్కించే షిప్పింగ్ ఏజెంటుకు వైర్ చేయమంటాడు. ఆ ఏజెంటూ అతని మనిషే.

కిటుకంతా బ్యాంకు నిబంధనలో ఉంది. ఇలాంటి చెక్కు సొమ్మును సాధారణంగా మర్నాటి పనిదినానికే ఖాతాదారుకు అందుబాటులో ఉంచాలని అక్కడి ఫెడరల్ నియమం. ఖాతాలో అంకె కనబడగానే చెక్కు చెల్లిందనుకుంటాం. అది నకిలీదని తేలడానికి వారాలు పట్టొచ్చు. తేలాక బ్యాంకు ఆ మొత్తాన్ని మన ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది. వైర్ చేసిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం.

విదేశీ కొనుగోలుదారులంతా మోసగాళ్లు కారు. నిజంగా కొనేవారు బండిని తనిఖీ చేయిస్తారు, రవాణా ఖర్చు తామే నేరుగా కట్టుకుంటారు.

ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వీసాదారుకు కొత్త దారి చూసుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ హడావుడిలో కారు అమ్మే మన తెలుగువాళ్లు మరింత జాగ్రత్తపడాలి. చెక్కు మీది ఫోన్ నంబరును నమ్మకండి. బ్యాంకు నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి. అనుమానమొస్తే వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీకి, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ ఐసీ3 విభాగానికి ఫిర్యాదు చేయండి.