యుద్ధాన్ని చూసిన కళ్ళకు నేల ఇచ్చిన ఊరట

రణరంగం నుండి మనిషి తిరిగి వచ్చినంత మాత్రాన యుద్ధం అతణ్ణి విడిచిపెట్టదు. ఒంటికి తగిలిన గాయం ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. మనసుకు తగిలిన గాయం పక్కనే కూర్చున్నవారికి కూడా కనిపించదు. అలాంటి గాయంతో దశాబ్దాలు జీవించిన ఒక వ్యక్తిని పాఠకులకు పరిచయం చేయదలిచాము.

ఆయన పేరు డాన్ మెకల్లిన్. 1935లో లండన్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించారు. చిన్న వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో బ్రిటన్ యువకులకు సైనిక సేవ తప్పనిసరి. ఆయన వైమానిక దళంలో చేరి, ఫొటోలు కడిగే చీకటి గదిలో పనిచేశారు. ఫొటోగ్రాఫర్ హోదా కోసం రాసిన పరీక్షలో మాత్రం ఉత్తీర్ణులు కాలేదు. అయినా సైన్యాన్ని వీడిన తర్వాత కెమెరాయే ఆయనకు జీవనాధారమైంది.

1964లో సైప్రస్‌తో మొదలైన ఆయన యుద్ధ ప్రయాణం వియత్నాం, బయాఫ్రా, కంబోడియా, లెబనాన్‌ల దాకా సాగింది. బయాఫ్రాలో ఆకలికి ఎముకల గూళ్ళైన పసివాళ్ళను చూశారు. 1982లో బీరూట్‌లో, బాంబులు పడిన మానసిక రోగుల ఆసుపత్రిని చూశారు. కంబోడియాలో తనకు తగలవలసిన తూటా కెమెరాకు తగిలి ఆగిపోయింది. ప్రాణం దక్కింది గానీ ప్రశాంతత దక్కలేదు. ఇతరుల దుఃఖం తనకు పేరు తెచ్చిందన్న అపరాధభావం ఆయనను వెన్నాడింది.

చివరకు ఆయన ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ పల్లెసీమలో స్థిరపడ్డారు. బాల్యంలో లండన్‌పై బాంబులు కురిసినప్పుడు పిల్లలను పంపించిన ప్రాంతాలలో అదీ ఒకటి. ఆయన కూడా అక్కడ తలదాచుకున్నారు. ఇప్పుడు అక్కడి పొలాలు, వాగులు, ఆకురాల్చిన చెట్లు ఆయన కెమెరాకు వస్తువులయ్యాయి. చలికాలపు ఉదయాలలో తగిన వెలుగు కోసం ఓపికగా నిలబడతారు. ఆ నలుపు తెలుపు చిత్రాలను తన చీకటి గదిలో తానే ముద్రించుకుంటారు.

ఆ చిత్రాలలో ఆకాశం నల్లని మేఘాలతో బరువెక్కి ఉంటుంది. నీరు నిలిచిన పొలాలు యుద్ధభూములను తలపిస్తాయి. జ్ఞాపకాలు తనను పూర్తిగా వదలలేదని ఆయనే అంగీకరించారు. మరి స్వస్థత ఎక్కడుంది? చెట్టును చూస్తే ఎవరి బాధనూ వాడుకున్నట్లు కాదు. కొండ ముందు నిలబడితే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. అపరాధభావం లేకుండా చూడగలిగే చోటు ఆయనకు దొరికింది. ఊరట అంటే మరచిపోవడం కాదని, మోయగలిగే శక్తి రావడమని మేము గ్రహిస్తున్నాము.

మన ఇళ్ళలోనూ సైన్యంలో పనిచేసి వచ్చిన అబ్బాలు, చాచాలు, అన్నలు ఉన్నారు. రాత్రివేళ ఉలిక్కిపడి లేచేవారిని, మాటలు తగ్గించుకున్నవారిని "అవన్నీ మరచిపో" అని తొందరపెట్టకండి. అవసరమైతే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. దానితో పాటు, తెల్లవారుజామున చెరువు గట్టు మీదకో పొలం వైపుకో వారితో కలసి నడవండి. వారు మాట్లాడకపోయినా ఫరవాలేదు. పక్కన మీరు ఉంటే చాలు.