సముద్రతీరమున ఒక బస



నల్లగొండ, పాలమూరు సీమలవారికి సముద్రము వినికిడి వస్తువు. మన పట్టణములు సముద్రమట్టమునకు చాల ఎత్తున రాతినేలపై నున్నవి. పూర్వము గోలకొండనుండి బందరునకు పోవు బాట నల్లగొండ సీమ మీదుగానే సాగెడిది. కాని 1759లో బందరును, 1766లో ఉత్తర సర్కారులును, 1788లో గుంటూరు సర్కారును ఇంగ్లీషువారి చేతికి పోగా, హైదరాబాదు రాజ్యమునకు సముద్రపుటొడ్డే లేకపోయినది. నాటినుండి మనవారికి తీరయాత్ర యనగా పరాయి సీమకు పోవుటయే. బీబీనగరు–నడికుడి రైలుమార్గము పడిన పిదప ఈ దూరము తగ్గినది. నల్లగొండలో రైలెక్కి గుంటూరు, తెనాలి మీదుగా బాపట్లలో దిగినచో సూర్యలంక సముద్రము అచటికి తొమ్మిది కిలోమీటర్ల లోపే. పాలమూరువారు సికిందరాబాదు చేరి ఇదే మార్గము పట్టవచ్చును.

ఉగాది వెళ్లిన పిదప మేమును అట్లే పోయితిమి. మా తల్లిగారికి డెబ్బది రెండేండ్లు. మర్రిగూడ ప్రాంతమున పుట్టి పెరిగినవారగుటచే, చిన్ననాట త్రాగిన బావినీటిలోని ఫ్లోరైడువలన ఆమె మోకాళ్లును వెన్నును బిగిసిపోయినవి. మెట్లెక్కలేరు, క్రింద కూర్చుండలేరు. ఆమె సముద్రమును చూచి యెరుగరు. ఆమెకొరకే ఈ ప్రయాణము.

సముద్రము మాకేమియు తక్కువ చేయలేదు. తెల్లవారుజామున సరుగుడు తోపు దాటి ఇసుకలో కుర్చీ వేసి ఆమెను కూర్చుండబెట్టితిమి. నీటిలోనుండి సూర్యుడు పైకి వచ్చుచుండగా ఒక అల వచ్చి ఆమె పాదములను తడిపి వెనుకకు మరలినది. కాలిక్రింది ఇసుక జారుచుండగా ఆమె చిన్నపిల్లవలె నవ్వి, "బిడ్డా, భూమి గుంజుకపోతున్నది" అనిరి. ఆ మాట ఒక్కటి చాలును, రైలు టిక్కెట్ల సొమ్ము గిట్టినది. పిల్లలు గవ్వలేరిరి, మధ్యాహ్నము వేడి అన్నములో చేపలపులుసు. లోటంతయు బసవలననే కలిగినది.

ఆ హోటలు పేరు చెప్పను. నేలమట్టపు గది, సముద్రమువైపు కిటికీ, చల్లదనపు ఏర్పాటు అని టెలిఫోనులో మూడింటికి మూడును ఒప్పుకొనిరి. చేరిన పిదప గుమాస్తా, "క్రింది గదులు పెండ్లివారికి పోయినవి సార్, అమ్మగారిని మెల్లగా ఎక్కించండి, పైగది ఇంకను బాగుండును" అనెను. ఇరువదియొక్క మెట్లు. ఇద్దరము కుర్చీతో ఎత్తి తీసికొనిపోయితిమి. ఆ గదికి సముద్రమువైపు గోడయే కాని కిటికీ లేదు; ఉన్న ఒక్క కిటికీ పడమటి పెరడులోనికి తెరచుకొనును. చల్లదనపు ఏర్పాటనగా నీటి కూలరు!

ఈ కూలరు విషయము కొంచెము వివరింపవలెను; ఏలయన, పాలమూరులో వేసవి గడపువారికి అది దైవసమానము. మన సీమలో వేసవి గాలి పొడిగా నుండును. ఆ గాలి తడి తట్టపై వీచునప్పుడు నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును, గాలి చల్లబడును. వట్టివేళ్ల తడిక చేయు పనియు నిదియే. సముద్రతీరపు గాలియో, ముందే తేమతో నిండియుండును. అందులో మరి నీరు ఆవిరికాజాలదు. కూలరు అచట చల్లదనమునకు బదులు తేమనే కలుపును. ఒడలి చెమట ఆరదు. తీరమున మనిషిని చల్లబరచునది సముద్రపుగాలి. పగలు ఇసుకనేల నీటికన్న ముందు వేడెక్కును. దానిపై గాలి తేలికయై లేవగా సముద్రముమీది గాలి ఆ చోటికి వచ్చును. సాయంకాలము ఆ గాలి మా గోడ నానుకొని ఊళ వేయుచునే యుండెను. దానికి మార్గము మాత్రము లేదు.

గోడ మూయుటకు కారణమును గుమాస్తాయే చెప్పెను: అటు కిటికీ పెట్టినచో ఉప్పుగాలికి కమ్ములు రెండేండ్లలో తుప్పుపట్టిపోవునట! అది నిజమే కావచ్చును. కాని గోడ మూసినంతమాత్రమున ఉప్పు రాక మానదు. సముద్రపుటుప్పులో మెగ్నీషియము క్లోరైడు కూడ కలదు. అది గాలిలోని తడిని తనలోనికి లాగుకొనును. అందువలననే దుప్పట్లు, తువాళ్లు రెండుదినములు ఆరవేసినను చెమ్మగానే యుండినవి. ఎండ తగులు వసారా యొకటి కట్టించియున్నచో ఈ బాధ సగము తగ్గెడిది.

అన్నిటికంటె మా తల్లిగారిని నొప్పించినది నీరు. కొళాయినీరు నోట పోసికొని ఉమిసి, "మన బాయినీళ్లే నయము బిడ్డా" అనిరి. నాకు నవ్వును రాలేదు, మాటయు రాలేదు. ఉప్పు నాలుకకు తెలిసి వచ్చును. మన బావులలోని ఫ్లోరైడు తెలియక వచ్చినది. దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. త్రాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని మన దేశపు ప్రమాణము. 2015లో చౌటుప్పలు వద్ద పైలాను నిలిపి ఆరంభించిన మిషన్ భగీరథ పథకమున నేడు మా ఊళ్లకు నదినీరు వచ్చుచున్నది. బిగిసిన యెముకలను మాత్రము అది సడలింపజాలదు.

తీరపు ఇసుకనేలలో మంచినీరు లేకపోలేదు. వానలో దిగిన తీపినీరు తేలికగుటచే క్రిందనున్న ఉప్పునీటిపై పొరవలె తేలుచుండును. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచియున్నచో, దాని క్రింద సుమారు నలుబదడుగులవరకు మంచినీరే యుండునని గైబెన్, హెర్ట్స్‌బర్గు అను నిరువురు ఇంజనీర్లు లెక్కగట్టిరి. బాపట్ల సీమ రైతులు ఈ సూత్రమును చదువకయే ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా గుంటలు త్రవ్వి, కడవలతో పైనీరు మాత్రము తోడుకొని తోటలు పెంచిరి. ఆ గుంటలను దొరువులందురు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ పద్ధతినే మెరుగుపరచి, ఇసుకలో అడ్డముగా గొట్టములు పరచి పైపొరనీటిని చేదు విధానమును రూపొందించిరి. హోటలువారో, లోతుగా బోరు దింపి పెద్ద మోటారు పెట్టిరి. మంచినీటి పొర సన్నగిల్లినకొలది క్రింది ఉప్పునీరు శంఖాకారముగా పైకి లేచి గొట్టములో పడును. ఇది పెండ్లివారు దిగిననాడు మరింత త్వరగా జరుగును!

కావున వృద్ధులను వెంటగొనిపోవువారు గది బాగుండునా అని అడుగరాదు. బాగుండునని ఏ గుమాస్తా అయినను చెప్పును. మెట్లెన్ని, కిటికీ ఏ దిక్కునకు, మరుగుదొడ్డిలో కూర్చుండు పీఠము కలదా, త్రాగునీరెచటిది అని అడిగి, జవాబును వ్రాతమూలకముగా తెప్పించుకొనవలెను. మేము రెండవనాడే ఆ గది విడిచి బాపట్ల ఊరిలో ఒక చిన్న లాడ్జిలో నేలమట్టపు గది తీసికొంటిమి. కిటికీ చిన్నది, నీరు మంచిది. మిగిలిన రెండు దినములును ఆటోలో తీరమునకు పోయి వచ్చితిమి. హోటలువారు మా బయానాలో సగమే తిరిగి ఇచ్చిరి. మిగిలిన సగమునకై వాదించుచు నిలిచియున్నచో ఆనాటి సూర్యోదయము దాటిపోయెడిది.