గళ్ళ లెక్కలో మన వాన

“మా ఊరిలో కాలువలు పొర్లినవి; మీ పటములో 40 మిల్లీమీటర్లే యున్నదేమి?” అని కోవూరు రైతు అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే.

భారత వాతావరణ శాఖ 1901 మొదలుకొని దేశపు రోజువారీ వర్షపాతమును చదరపు గళ్ళుగా లెక్కగట్టి ఇచ్చుచున్నది. ఒక్కొక్క గడి 0.25 డిగ్రీలు, అనగా మన వైపున సుమారు 27 కిలోమీటర్ల పొడవు వెడల్పులు కలది. అంత మేరకు ఒకే అంకె. నెల్లూరు జిల్లాలో ఈశాన్య ఋతుపవనపు వాన తీరమున హెచ్చు, పడమటి మెట్టకు పోవుకొలది తగ్గును. గడి ఈ హెచ్చుతగ్గులను సగటు చేసివేయును. కావున సవరణ అవసరము.

సవరించు విధము

1. క్యూజిఐయస్ వంటి పటముల సాఫ్టువేరులో తీరము, పెన్న డెల్టా, మెట్ట, వెలికొండల వైపు అని ప్రాంతములను వేరుగా గీయవలెను.

2. ప్రతి ప్రాంతమందలి వర్షమాపకముల మొత్తమును, అవే చోట్ల, అవే దినములకు గల గడి అంకెల మొత్తముతో భాగించవలెను. మాపకములు 900, గళ్ళు 750 చూపినవనుకొనుడు, గుణకము 1.2.

3. ఆ ప్రాంతపు గళ్ళను ఆ గుణకముతో హెచ్చించవలెను. 50 మి.మీ. 60 అగును.

ఒక్కనాటి వానతో గుణకము కట్టరాదు. పలు సంవత్సరముల అదే ఋతువు లెక్కలు కావలెను. తీరపు గుణకమును మెట్టకు వాడరాదు. గడిలో సున్న యున్నచో ఎంత హెచ్చించినను సున్నయే. ఒక మాపకమును లెక్కలో చేర్చక విడిచి, సవరించిన అంకెను దానితో సరిచూచుకొనవలెను.

గ్రామాధికారులకు మనవి

మాపకము చెట్టు క్రింద, గోడ ప్రక్క ఉండరాదు. ఉదయము 8-30 గంటలకు కొలిచి, గడచిన 24 గంటల వానను ఆ తేదీ క్రిందనే వ్రాయవలెను. కొలవని దినమున సున్న వేయక ఖాళీ విడువుడు. తప్పు సున్న ఒక్కటి ప్రాంతమంతటి గుణకమును చెడగొట్టును.

మరియొక హెచ్చరిక. 2021 నవంబరులో ఎగువన కడప జిల్లాలో కురిసిన కుండపోత వానలకు పెన్న పొంగి, పడుగుపాడు వద్ద రైలు మార్గము దెబ్బతిన్నది. కావున వరదకు మన గడి ఒక్కటి చూచిన చాలదు. ఎగువ గళ్ళను కూడ చూడవలెను.

సవరించిన పటము మురుగు తీయుటకు, ఎరువు వేయు దినము నిర్ణయించుటకు సాయపడును. పంట నష్టము తేల్చుటకు మాత్రము పొలము గట్టున నిలిచి చూడవలసినదే.