ఒక్క ప్రోటీను పనిని కనుగొనుట యెట్లు?

తొమ్మిదవ తరగతిలో ఎయిడ్సు వ్యాధిని గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, ఆ వైరసును ముట్టుకొన్న అపాయము గదా! మరి దానిలోని ఏ భాగము ఏ పని చేయునో శాస్త్రజ్ఞులకు ఎట్లు తెలిసినది?" అని యడిగెను. రోగిని ముట్టుకొనుటవలన ఈ వ్యాధి అంటదని ముందుగా చెప్పితిమి. రెండవ మాటకు మాత్రము గంట మ్రోగులోపల సమాధానము చెప్పజాలకపోతిమి. ఆ బాకీని ఈ సంచికలో తీర్చుచున్నాము.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 2000 సంవత్సర ప్రాంతమున దేశములో ఈ వ్యాధి అధికముగా నుండిన ఆరు రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తల్లినో తండ్రినో పోగొట్టుకొన్న పిల్లలెందరో మన పాఠశాలలలో చదివిరి. తరువాత మంచి మందులు వచ్చినవి. వానిని క్రమముగా పుచ్చుకొనువారు చిరకాలము జీవించుచున్నారు. అయినను వైరసును శరీరమునుండి సమూలముగా తొలగించు చికిత్స అందరికిని అందుబాటులోనికి రాలేదు. శత్రువు చేతనున్న ఆయుధములను ఒక్కొక్కటిగా నెరుగుట అందుకే యవసరము.

వైరసు తనంతట తాను వృద్ధి పొందజాలదు. జీవకణములో జొరబడి, ఆ కణపు పనిముట్లతోనే తన ప్రతులను చేయించుకొనును. మానవ కణములో ప్రోటీనులను తయారుచేయు జీన్లు సుమారు 20,000 గలవు, హెచ్.ఐ.వి.కి ఉన్నవి తొమ్మిదియే. ఇంత కొద్ది సామగ్రితో అంత పెద్ద యింటిని ఎట్లు వశపరచుకొనుచున్నది?

హార్మోనియములో ఒక మెట్టు ఏ స్వరము పలుకునో తెలియవలెనన్న రెండు మార్గములు గలవు. ఆ మెట్టు నొక్కదానినే నొక్కి వినవచ్చును. లేదా అది పలుకకుండ జేసి, పాటంతయు వాయించి, ఎచ్చట లోపము గలిగెనో కనిపెట్టవచ్చును. శాస్త్రజ్ఞులును ఈ రెండు మార్గములనే యనుసరింతురు.

మొదటి మార్గమునకు ఎడతెగక పెరుగు కణములు కావలెను. శరీరమునుండి తీసిన సాధారణ కణములు కొంతకాలము విభజన పొంది ఆగిపోవును. కేన్సరు గడ్డలనుండి తీసిన కొన్ని కణములు మాత్రము పోషకద్రవములో ఏండ్ల తరబడి పెరుగుచుండును. ఇట్టి కణసంతతికి సెల్ లైన్ అని పేరు. దానిలోనికి వైరసు జీన్లలో ఒక్కదానిని మాత్రమే పంపుదురు. దానితోగూడ ఒక విషౌషధమునకు తట్టుకొనునట్టి మరియొక జీనును జతచేయుదురు. పిమ్మట ఆ ఔషధమును పోయగా, జీను చేరని కణములు చచ్చును, చేరినవి బ్రదుకును. వాని సంతానమంతయు ఆ వైరసు ప్రోటీనును చేయుచుండును. అందు వైరసు లేదు గనుక దానివలన ఎయిడ్సు సోకు భయము లేదు.

ఆ ప్రోటీనునకు జెల్లీచేపనుండి లభించిన ఆకుపచ్చని వెలుగు ప్రోటీనును అంటగట్టినచో, అది కణములో ఎచ్చటికి పోవుచున్నదో సూక్ష్మదర్శినిలో వెలుగును బట్టి కనిపెట్టవచ్చును. జీను చేర్చని కణములను ప్రక్కనే పెంచి రెండింటిని పోల్చుట మరువరాదు. పోలిక లేని ప్రయోగము సాక్షి లేని వ్యాజ్యము వంటిది.

రెండవ మార్గములో వైరసునుండి ఆ జీనును తొలగింతురు, లేదా ప్రోటీనులోని అమైనో ఆమ్లములలో ఒకదానిని మార్చి, పని ఎచ్చట చెడినదో చూతురు.

ఈ పని పరదేశములలోనే జరుగుచున్నదని తలపవద్దు. మన మధురానగర్ స్టేషనులో నాగోలు పోవు మెట్రో రైలెక్కి, సికింద్రాబాదు, తార్నాక దాటి ఉప్పలులో దిగిన, ఆ ప్రాంతముననే సీడీఎఫ్‌డీ అను జీవశాస్త్ర పరిశోధనాలయము గలదు. అది నాచారములో నుండిన రోజులలో, డాక్టరు ఎస్. మహాలింగం గారును వారి సహచరులును వీపీఎక్స్ అను ప్రోటీనును పరిశోధించిరి. ఇది హెచ్.ఐ.వి.-2లోను, కొన్ని కోతుల వైరసులలోను ఉండును. అధికముగా వ్యాపించిన హెచ్.ఐ.వి.-1లో ఉండదు. 112 అమైనో ఆమ్లముల చిన్న ప్రోటీనది. కోతుల వైరసునందలి వీపీఎక్స్ కణకేంద్రకములోనికి పోవుటను కణములోని ఒక ఎంజైము నియమించుచున్నదని 2005లోను, ఆ ప్రవేశమునకు ఒకటికంటె ఎక్కువ దారులు గలవని 2006లోను వారు ప్రకటించిరి.

అయితే అది చేయు ముఖ్యకార్యమేమి? ఈ చిక్కు 2011లో విడినది. ఫ్రాన్సులోను అమెరికాలోను రెండు బృందములు వేరువేరుగా, మన రక్తకణములలో శామ్‌హెచ్‌డీ-1 అను కావలివాడున్నాడని కనుగొనిరి. వైరసు తన ప్రతిని వ్రాసికొనుటకు కావలసిన డీఎన్‌ఏ ముడిసరకును ఈ కావలివాడు తగ్గించివేయును. వీపీఎక్స్ వానిని పట్టుకొని, కణముయొక్క చెత్తయంత్రమునకే అప్పగించును! కావలివానిని తీసివేసిన కణములలో హెచ్.ఐ.వి. సులభముగా జొచ్చెను, కావలివాడు లేని కణములకు వానినిచ్చినప్పుడు అడ్డగింపబడెను. రెండు మార్గములును ఒకే మాట చెప్పినవి.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఇంత మంచి ఆయుధము గల హెచ్.ఐ.వి.-2 మిక్కిలి క్రూరమైనది కావలెను గదా? కాని, అదియే నెమ్మదిగా వ్యాధి కలిగించును. ఆయుధము లేని హెచ్.ఐ.వి.-1 లోకమంతట వ్యాపించినది. గిన్నెలోని కణము నిజము చెప్పును గాని, మనిషి కథ నంతయు చెప్పదు.

చివరగా ఒక మాట. హీలా అను ప్రసిద్ధ కణములు 1951లో హెన్రియెట్టా లాక్స్ అను అమెరికా స్త్రీ శరీరమునుండి, ఆమె యనుమతి లేకయే తీసికొనబడినవి. టీహెచ్‌పీ-1 అను కణములు కేన్సరు సోకిన ఒక యేడాది బిడ్డ రక్తమునుండి వచ్చినవి. గాజు గిన్నెలో పెరుగు ప్రతి కణము వెనుకను ఒక మనిషి యున్నాడు. మా ప్రియ విద్యార్థులారా! మీలో నెవరైన రేపు ఆ గిన్నెను చేతబట్టినప్పుడు ఈ సంగతిని మరువకుందురు గాక.