చేపల చెరువులు – చేపలను తిను పక్షులు



చేపల చెరువులుగల రైతులు నలుగురొకచోట కూడినయెడల ధరలమాట కొంతసేపును, తెగుళ్లమాట కొంతసేపును నడచి, పిమ్మట ప్రసంగము నీటికాకులమీదికి రాక మానదు. తెల్లవారుసరికి గుంపులుగా వ్రాలిన పక్షులను చూచి యజమానికి గుండె చెరువగుట సహజమే. నష్టము నిజమైనది. పెద్దజాతి నీటికాకి యొక్కటి దినమునకు సుమారు అరకిలో చేపలను తినును. అట్టివి నూరు కూడి, నెలదినములు ఒకే చెరువును ఆశ్రయించినచో 1,500 కిలోల లెక్క తేలును. మనవైపు హెచ్చుగ కనబడునది చిన్నజాతి. దాని తిండి అంతకంటె తక్కువ. అయినను అది ఏరుకొనునది చిన్నపిల్లలనే. 10 గ్రాముల పిల్లలను 20 మ్రింగినప్పుడు దాని పొట్టలోనికి పోవునది 200 గ్రాములే. మనకు పోవునది మాత్రము రేపు ఒక్కొక్కటి కిలో తూగవలసిన 20 చేపలు. ఈ లెక్కను మనసున నుంచుకొన్నచో కాపాడవలసినది దేనినో, ఎప్పుడో తెలియగలదు.

కోపమున కొందరు విషము పెట్టిన చేపలను గట్టుమీద వేయుదురు. సన్నని నైలాను వలలను ఉరులవలె వ్రేలాడగట్టుదురు. ఇది కూడని పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను చంపుటయేగాక, పట్టుటయు, గూళ్లను గ్రుడ్లను పాడుచేయుటయు నేరము. చట్టముమాట అటుంచినను, గట్టుమీది విషమునకు కుక్క, గేదె, ఆడుకొను బిడ్డ అను భేదము లేదు. మరియు నొకటి. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో ఆ హద్దులలోని చేపల చెరువుల గట్లు అనేకము ప్రభుత్వముచే త్రెంచివేయబడెను. ఆ చుట్టుపట్ల పల్లములలో గూడబాతులును కొంగలును మన తాతలనాటికి ముందునుండియు మేయుచున్నవి. వాని మేతభూమిలో మనము చెరువు త్రవ్వి చేపలను క్రిక్కిరియ నింపితిమి. అవి వచ్చుటలో వింత యేమున్నది?

కావున ఉపాయము పక్షి నడవడినిబట్టి యుండవలెను. నారాయణపక్షి, తెల్లకొంగ, గుడ్డికొంగ – ఇవన్నియు కాలుమోపి నిలువగల చోటనే వేటాడును. ఒడ్డున నీరు పలుచగా పరచుకొన్నయెడల వానికి పీటవేసి పిలిచినట్లే. గట్టు లోపలివైపు నిటారుగా చెక్కి, ఒడ్డుననే తగినంత లోతుండునట్లు చూచి, తుంగను తీసివేసినచో వాని బాధ చాలవరకు తగ్గును. లకుముకిపిట్టకు నీటిలోని గుంజయే ఆసనము. పనిలేని గుంజలను పెరికివేయవలెను. పశువులవెంట తిరుగు చిన్న తెల్లకొంగను మాత్రము ఊరక తరుమకుడు; దాని ఆహారము ముఖ్యముగా మిడుతలు, పురుగులు.

నీటికాకి సంగతి వేరు. అది మునిగి, నీటిలోపల చేపను వెంటాడి పట్టును. లోతు దానికి అడ్డుకాదు. అయితే దాని రెక్కలు తడియును. అందుచేతనే రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకొనుచు కూర్చుండును. నీటినుండి లేచునప్పుడు కొంతదూరము నీటిమీద పరుగెత్తి గాని ఎగురజాలదు. చెరువుకు అడ్డముగా తాళ్లు బిగించి కట్టుటవలన దానికి వ్రాలుటయు లేచుటయు కష్టమగును. తాడు లావుగా, కంటికి కనబడునదిగా నుండవలెను.

బెదురుబొమ్మలు, డబ్బాల మ్రోత, టపాకాయలు మొదట పనిచేయును. కొలదిదినములలో పక్షి ఆ గుట్టు గ్రహించి బొమ్మ నెత్తిమీదనే కూర్చుండును. బొమ్మ చోటు మార్చుచు, తెల్లవారుజామునను సాయంతనమునను మనిషి తిరుగుచున్నగాని ఫలముండదు.

నా మట్టుకు, ధనమును శ్రమను పెద్ద చెరువుమీద చల్లుటకంటె, పిల్లలనుంచు చిన్న చెరువుపై గట్టివలను పూర్తిగా కప్పుట మేలని తోచుచున్నది. శీలావతి, బొచ్చె పిల్లలను అక్కడనే 100 గ్రాములు దాటువరకు పెంచి తరువాత పెద్ద చెరువునకు మార్చు వాడుక మన డెల్టాలో నున్నదే. అంతటి చేప చిన్న నీటికాకి గొంతున పట్టదు. గూడబాతునకు ఇదియు అడ్డుకాదనుట నిజమే; దానిని మనిషి కాపలాయే ఆపవలెను.

వేకువను ఎన్నడులేనన్ని కొంగలు హఠాత్తుగా మూగినచో తరుముటకు ముందు నీటిని చూడుడు. ప్రాణవాయువు తగ్గినప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. పక్షి దానిని మనకంటె ముందు కనిపెట్టును. అప్పుడు వెంటనే క్రొత్తనీరు పెట్టుటయో, ఏరేటరు తిప్పుటయో చేయవలెను.

కప్పిన వలను ప్రతి ఉదయము పరీక్షించవలెను. పక్షి చిక్కుకొన్నచో తలమీద గుడ్డ కప్పి, రెక్కలను శరీరమునకు అదిమిపట్టి, దారములను కత్తెరతో త్రెంచి విడువవలెను. కొంగ ముక్కు సూటిగా కంటిమీదికి వచ్చును. ముఖము దూరముగా నుంచుకొనుడు.