దమన్‌జోడి బూడిద, బురద: జియోలైట్ దారి

దమన్‌జోడి నుంచి రైలెక్కి విశాఖపట్నం రేవుకు దిగేది తెల్లటి అల్యూమినా. ఎర్రటి బురద (రెడ్ మడ్) మాత్రం ఒడిశాలోని కొరాపుట్ కొండల్లోనే ఉండిపోతుంది. పంచపట్మాలి బాక్సైట్‌తో నడిచే అక్కడి నాల్కో (నేషనల్ అల్యూమినియం కంపెనీ) రిఫైనరీ సామర్థ్యం ఏటా 20 లక్షల టన్నుల పైమాటే. రాయగడ జిల్లాలో బాఫ్లిమాలి కొండ బాక్సైట్‌ని ఉత్కళ్ అల్యూమినా వాడుతోంది. టన్ను అల్యూమినా తీస్తే టన్ను నుంచి టన్నున్నర దాకా రెడ్ మడ్ మిగులుతుంది. ఆవిరి కోసం, కరెంటు కోసం కాల్చిన బొగ్గు బూడిద దీనికి అదనం.

ఈ రెండింటి నుంచీ జియోలైట్ చేయవచ్చు. కానీ రెండింటి మీదా ఒకే ఆశ పెట్టుకోలేం.

జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు అల్లుకున్న స్ఫటికం. లోపలంతా గూళ్ళే. ఆ గూళ్ళలో సోడియం అయాన్లుంటాయి. నీళ్ళలో కాల్షియం ఎదురైతే సోడియాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. కొన్ని బోరునీళ్ళలో సబ్బు నురగ రానివ్వనిది ఆ కాల్షియమే. అందుకే డిటర్జెంట్లలో ఫాస్ఫేటుకు బదులు జియోలైట్-ఎ కలుపుతారు. నాల్కో ఉత్పత్తుల్లో అదీ ఒకటి.

అసలు రిఫైనరీలోనే దీని దగ్గరి చుట్టం ఒకటి పుడుతుంది. బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో ఉడికించినప్పుడు, అందులోని బంకమట్టి సిలికా కూడా కరుగుతుంది. కరిగి, కొంత అల్యూమినానీ సోడానీ వెంటబెట్టుకుని సోడలైట్‌గా గట్టిపడి రెడ్ మడ్‌లో కలుస్తుంది. ఖరీదైన కాస్టిక్ నష్టపోయేది ఇక్కడే. సోడలైట్‌కీ జియోలైట్-ఎకీ గూడు ఒకటే. సోడలైట్‌లో గూళ్ళు ఒకదానికొకటి అతుక్కుని దారులు మూసుకుపోతాయి. జియోలైట్-ఎలో గూళ్ళ మధ్య ఎడం ఉంటుంది, దారి వెడల్పు సుమారు 4 ఆంగ్‌స్ట్రాములు. కాస్టిక్‌లో కరిగిన సిలికా, అల్యూమినాలను 100 డిగ్రీల లోపు కొన్ని గంటలుంచితే జియోలైట్-ఎ వస్తుంది. వేడి పెంచినా, మరీ ఎక్కువసేపు వదిలేసినా అదే సోడలైట్‌గా మారిపోతుంది. పనితనమంతా ఆ గంటల్లోనే ఉంది.

బూడిదలో సిలికా, అల్యూమినా రెండూ దండిగా ఉంటాయి. జర్మనీలో హోలర్, విర్షింగ్ 1985లోనే బూడిదను క్షారంతో జియోలైట్‌గా మార్చారు. చిక్కల్లా అందులోని ముల్లైట్, క్వార్ట్జ్‌లతోనే. అవి ఓ పట్టాన కరగవు. అందుకే బూడిదను కాస్టిక్‌తో కలిపి 550 డిగ్రీల ప్రాంతంలో ముందు కాలుస్తారు. తర్వాత నూరి, నీళ్ళలో కలిపి, 90 డిగ్రీల దగ్గర స్ఫటికాలు కట్టనిస్తారు.

రెడ్ మడ్ సంగతి వేరు. ఇక్కడ అందులో సగం దాకా ఇనుప ఆక్సైడే, సిలికా తక్కువ. సిలికా బయటి నుంచి కలపాలి, వచ్చే పొడీ ఎర్రగానే ఉంటుంది. బట్టల సబ్బుకు పనికిరాదు. కానీ మురుగునీటిలోంచి సీసం, కాడ్మియం, అమోనియా లాగడానికి రంగుతో పని లేదు. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత రేడియోధార్మిక సీజియాన్ని పట్టడానికీ జియోలైట్లే వాడారు.

అయినా, జియోలైట్ గిరాకీ ఎంత పెరిగినా ఏటా లక్షల టన్నుల్లో చేరే బురదను మింగలేదు. మిగిలింది చెరువుల్లో నిల్వ చేయక తప్పదు. 2010 అక్టోబరులో హంగరీలోని అజ్కా దగ్గర రెడ్ మడ్ చెరువు గట్టు తెగి 10 మంది చనిపోయారు. కాబట్టి గట్ల మీద నిఘా, ఖర్చు ఏమాత్రం తగ్గకూడదు. జియోలైట్ తీశాక మిగిలే కాస్టిక్ నీళ్ళను తిరిగి వాడుకోకపోతే అదింకో వ్యర్థం. బూడిదలోని ఆర్సెనిక్ లాంటివి ఆ నీళ్ళలోకో, తయారైన పొడిలోకో చేరాయేమో ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించాలి. అందులో నెగ్గని పొడిని ఏ ఊరి మంచినీళ్ళ దగ్గరికీ రానివ్వకూడదు.