గుట్టలపై నెఱ్ఱపూల జెముడు: గుర్తించు విధము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతు సోదరులకు జెముడు క్రొత్త గాదు. చేనిగట్లను, రాతిగుట్టలను పెరుగు కండగల మొక్కల నన్నిటిని మనము జెముడనియే పిలుచుచున్నాము. వానిలో నొకటి నేలనంటి గుబురుగా పెరిగి, ముదురెఱుపు పూలు పూయును. దానిని పెఱికివేయవలెనా, ఉంచవలెనా యని తలచువారికొఱకు గుర్తులను మేమిచట వ్రాయుచున్నాము. ఒకదానిని మఱియొకటి యని భ్రమించినచో కంటికే చేటు వాటిల్లవచ్చును.

1. నాగజెముడు. అట్టలవంటి పలకలు, గుంపులుగా ముండ్లు, పసుపుపచ్చని పూలు, ఎఱ్ఱని పండ్లు. ఇది అమెరికా ఖండమునుండి వచ్చిన నిజమైన కాక్టసు. మన మెట్టలలో స్వయముగా పుట్టిన కాక్టసు ఏదియు లేదు. ఇది దక్షిణదేశపు భూముల నాక్రమించుచుండగా, 1926లో సింహళమునుండి తెచ్చిన కాచినీలు పురుగు దీనిని చాలవఱకు అణచెను.

2. బొమ్మజెముడు. కోణములు గల కాడలు, జంట ముండ్లు. విరిచిన తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడిన చూపునకు ప్రమాదము. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికడకు పోవలెను.

3. కుందేటికొమ్ము. మన యెఱ్ఱపూల మొక్క యిదియే. నాలుగు పలకల కాడలు, ముండ్లులేని మెత్తని పండ్లవంటి అంచులు. విరిచిన పాలు రావు. నీటివంటి రసము వచ్చును. కాడ చివర పూలు బంతివలె గుత్తిగట్టును. వాని దుర్గంధమునకు ఈగలు మూగును. కాయలు జంటగా కాచి, పగిలినపుడు గింజలు పట్టుకుచ్చులతో ఎగిరిపోవును. ఇది జిల్లేటి కుటుంబమునకు చెందినది. పండితులు లేని వస్తువునకు కుందేటికొమ్మును దృష్టాంతముగా చెప్పుదురు. మన గుట్టలలో నది కన్నులయెదుటనే యున్నది!

దీని చెల్లెలివంటి మఱియొక జాతి సన్నని కాడలతో నిటారుగా పెరుగును. దానిని కరవుకాలమున తినుట గలదు. 1795లో రాక్స్‌బర్గు దొర తన గ్రంథమున దానికి ‘కారల్లము’ అను తెలుగు పేరు వ్రాసెను. ఆ పేరే కారల్లుమా యని శాస్త్రమున నిలిచినది.

కావున సభ్యులకు మా విన్నపము. ఒక్క గుర్తును చూచి యే కాడను నోటబెట్టరాదు. పాలపరీక్ష చేయునపుడు ముఖమును దూరముగా నుంచి, చేతులు కడుగుకొనవలెను; పిల్లలచే చేయింపరాదు. గట్టు బాగుచేయునపుడు కుందేటికొమ్ము కనబడినచో కాల్చక, కాడను తెంపి, గాయము ఆరినపిమ్మట రాళ్లనడుమ నాటిన వేరుపట్టును. అమరాబాదు రక్షితారణ్యమున మాత్రము దేనిని తెంపరాదు. పరదేశపు ముల్లును తీసివేయుడు. మన నేలమొక్కను నిలుపుడు.